పల్లవి కోసం వెతక్కండి: లిగెటి కన్సర్టోల రికార్డింగు వినడమెలా?

"ఇందులో పాట యాడుంది?"

సమకాలీన పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం ఏది వినిపించినా నెల్లూరులో నాకు ముందుగా ఎదురయ్యే ప్రశ్న ఇదే. 2025 మార్చి 8న ఇళయరాజా లండన్‌లో రాయల్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో తన సింఫనీని ప్రదర్శించాక సింఫనీ, కన్సర్టో అనే మాటలు మనవాళ్ల నోళ్లలో బాగా నానుతున్నాయి. ఆ ఊపులో యూట్యూబ్ తెరిచి మొజార్ట్‌నూ బీథోవెన్‌నూ ఇష్టంగా విన్నవాళ్లు, 1950 తర్వాత పుట్టిన సంగీతం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతున్నారు. "మనకంత చెవి లేదులే" అని తేల్చేసుకుంటున్నారు. ఆ మాట వినలేకే ఈ వ్యాసం రాస్తున్నాను. చెవి ఉంది. గుళ్లో నాదస్వరం, త్యాగరాజ ఆరాధనల్లో కచేరీలు, మద్రాసు స్టూడియోల్లో తయారైన సినిమా రీరికార్డింగు, ఇవన్నీ కలిసి ఆ చెవిని చక్కగానే సిద్ధం చేశాయి. ఈ సంగీతంలో దాన్ని దేనిమీద నిలపాలో తెలియకపోవడమే అసలు చిక్కు.

చిక్కు విప్పుకోవడానికి ఒక్క రికార్డింగు చాలు. డాయిష్ గ్రామోఫోన్ సంస్థ 1994లో విడుదల చేసిన ఈ డిస్కులో హంగేరియన్ స్వరకర్త జార్జ్ లిగెటి కన్సర్టోలు మూడున్నాయి: 1966 నాటి చెల్లో (వయొలిన్ కంటే పెద్దది, కింది స్థాయిలో పలికే తీగవాద్యం) కన్సర్టో, 1985-88 మధ్య రాసిన పియానో కన్సర్టో, 1992లో పూర్తి రూపానికి వచ్చిన వయొలిన్ కన్సర్టో. ప్యారిస్‌కు చెందిన ఆన్సాంబుల్ ఎంతెర్‌కాంతాంపొరెన్ బృందం వాయించింది. 1976లో ఆ బృందాన్ని స్థాపించిన పియెర్ బూలెజ్ స్వయంగా నడిపించాడు. చెల్లో జాన్-గియెన్ కెరాస్, పియానో పియెర్-లొరాన్ ఎమార్, వయొలిన్ సాష్కో గావ్రిలోఫ్.

ముందు కన్సర్టో సంగతి. ఒక వాద్యం ఒకవైపు, ఆర్కెస్ట్రా మరోవైపు. మన కచేరీలో పక్కవాద్యాలు ప్రధాన కళాకారుణ్ణి అనుసరిస్తాయి, ఆయన ఆపితే అందుకుంటాయి, ఆయన దారిలోనే నడుస్తాయి. 18, 19 శతాబ్దాల కన్సర్టోలో సంబంధం వేరు. అక్కడ ఆర్కెస్ట్రాకు తన సొంత వాదన ఉంటుంది. ఒక్కోసారి సోలో వాద్యాన్ని ఎదిరిస్తుంది, ఒక్కోసారి మోస్తుంది. సాధారణంగా మొదటి భాగం చివర్లో ఆర్కెస్ట్రా మొత్తం ఆగిపోయి సోలో వాద్యం ఒంటరిగా చెలరేగే భాగం ఉంటుంది, దాన్ని కడెంజా అంటారు. మన తని ఆవర్తనంలో ప్రధాన కళాకారుడు ఆగితే మృదంగం, ఘటం వాయిస్తాయి. కడెంజాలో సరిగ్గా తిరగబడుతుంది: పక్కనున్న వాళ్లంతా ఆగుతారు, ప్రధాన కళాకారుడే మిగులుతాడు.

ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో స్వరకర్తలు కన్సర్టో అన్న పేరు ఉంచుకున్నారు గానీ ఒకడికీ పదిమందికీ మధ్య ఉన్న ఈ సంబంధాన్ని మాత్రం మళ్లీ మొదటి నుంచీ ఆలోచించారు. అందుకే ఈ సంగీతంలో పల్లవిని వెతుక్కుంటూ కూర్చుంటే ఏమీ దొరకదు. ఒంటరివాడు ఇప్పుడు ఎక్కడున్నాడు, గుంపు అతన్ని ఏం చేస్తోంది అని వెంబడిస్తే ప్రతి నిమిషమూ ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది.

చెల్లో కన్సర్టో మొదలే చూడండి. పాశ్చాత్య స్వరలిపిలో మెల్లగా, అంటే తక్కువ శబ్దంతో, వాయించమని చెప్పడానికి 'పి' అక్షరం రాస్తారు. రెండు రాస్తే ఇంకా మెల్లగా, మూడు రాస్తే మరీ మెల్లగా. లిగెటి ఇక్కడ ఎనిమిది రాశాడు. చెల్లో ఒకే ఒక్క స్వరాన్ని, 'ఇ'ని, శూన్యంలోంచి పుట్టినట్టుగా మొదలుపెడుతుంది. కమాను తీగకు తగిలీ తగలనట్టు. ఎప్పుడు మొదలైందో మీకు తెలియకూడదు, వింటున్నానని గ్రహించేసరికి అది అప్పటికే ఉండాలి. తర్వాత ఒక్కొక్క వాద్యమే అదే స్వరంలోకి వచ్చి చేరుతుంది. స్వరం మారదు, దాని రంగు మారుతుంది. తీగ మీద కమాను ఎక్కడ ఆనుతోంది, కంపనం ఉందా లేదా, గాలివాద్యం ఎప్పుడు కలిసింది, ఇవే ఇక్కడి సంఘటనలు. ఆ తర్వాత నెమ్మదిగా పక్క స్వరస్థానాల్లోకి ఒలుకుతుంది.

తంబురా మీటుతుంటే కాసేపు ఊరికే వింటూ కూర్చున్న అలవాటు ఉన్నవాళ్లకు ఇది కొత్త కాదు. ఒకే షడ్జం లోపల ఎన్ని కదలికలుంటాయో వాళ్లకు తెలుసు. ఒక్క తేడా ఉంది: మన దగ్గర ఆ నాదం రాగానికి పునాది, ఆ తర్వాత వచ్చేదాని కోసం ఎదురుచూస్తాం. లిగెటి దగ్గర ఆ నాదమే విషయం. ఎదురుచూడటం మానేసిన క్షణం నుంచి ఈ కన్సర్టో తెరుచుకుంటుంది. ఇక్కడ చెల్లో కథానాయకుడి లాగా ముందుకొచ్చి నిలబడదు, చాలాసేపు గుంపులో ఒకడిగా కలిసిపోయే ఉంటుంది. మొదటి భాగం చివరికొచ్చేసరికి చెల్లో తారస్థాయికీ పైన సన్నటి హార్మోనిక్ (తీగను నొక్కకుండా తాకి పలికించే పై స్వరం) మీద నిలబడి ఉంటుంది, వయొలిన్ జాతిలో అతి పెద్దదైన డబుల్ బేస్ ఎక్కడో అట్టడుగున. మధ్యలో ఏమీ ఉండదు. ఒంటరితనాన్ని ఇంత సూటిగా చూపించిన చోటు నాకు ఇంకొకటి తెలియదు. రెండో భాగం ముగింపులో కడెంజా కూడా ఉంది. కానీ అది గుసగుస: కమానూ వేళ్లూ గబగబా కదులుతూనే ఉంటాయి, శబ్దం మాత్రం తరిగిపోతూ తరిగిపోతూ పోతుంది. విద్వత్తు చాటుకునే చోటును లిగెటి మాయమయ్యే చోటుగా మార్చేశాడు.

ఇక్కడే రికార్డింగు గురించి మాట్లాడాలి, ఎందుకంటే మనకు ఈ సంగీతం దొరికేది రికార్డింగులోనే. ముంబయిలో 2006లో ఏర్పడిన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా కచేరీలు చేస్తుంది గానీ, నెల్లూరు నుంచో ఒంగోలు నుంచో వెళ్లి లిగెటిని ప్రత్యక్షంగా వినే అవకాశం దాదాపు లేనట్టే. కాబట్టి మైకులు ఏం పట్టుకున్నాయి, మన స్పీకరు ఎంత వదిలింది అన్నది మనకు చిన్న విషయం కాదు.

సినిమా పాటను మాస్టరింగ్ చేసేటప్పుడు మెల్లగా ఉన్న చోటును పైకి లేపి, గట్టిగా ఉన్న చోటును కిందికి నొక్కుతారు. బస్సులో విన్నా, టీ కొట్టు దగ్గర విన్నా పల్లవి వినపడాలి కదా. శాస్త్రీయ ఆర్కెస్ట్రా రికార్డింగులో ఆ పని సాధ్యమైనంత తక్కువ చేస్తారు. సీడీకి ఉన్న 16 బిట్ల సామర్థ్యంలో అతి మెల్లని శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య సుమారు 96 డెసిబెళ్ల చోటు ఉంటుంది. ఆ చోటునంతా వాడుకునే సంగీతం ఇది. మే నెలలో నెల్లూరు ఇంట్లో ఫ్యాను ఆపి కూర్చోవడం ఎవరివల్లా కాదు, ఫ్యాను తిరుగుతుంటే ఆ ఎనిమిది 'పి'లూ రెక్కల చప్పుడులో కలిసిపోతాయి. వినపడటం లేదని వాల్యూమ్ పెంచితే గట్టిగా వాయించే చోట చెవులు అదిరిపోతాయి. ఫోను స్పీకరుతో ఇంకో నష్టం. దానికి అడుగు స్థాయి పలికే శక్తి లేదు. డబుల్ బేస్ పోతుంది. నేను పైన చెప్పిన ఆ పాతాళం, ఆ ఖాళీ, మొత్తం పోయి ఒక సన్నటి కూత మాత్రం మిగులుతుంది. వినేవాళ్లు "ఇదేం సంగీతం" అంటారు. వాళ్లు విన్నది నిజంగానే సగం సంగీతం. చలికాలం తెల్లవారుజామున, చెవులను పూర్తిగా కప్పే హెడ్‌ఫోను పెట్టుకుని, ఫోనులోని ఈక్వలైజర్, వాల్యూమ్ బూస్ట్ లాంటివన్నీ ఆపేసి వినండి. ఖరీదైన పరికరాలు అక్కర్లేదు, నిశ్శబ్దమైన గది కావాలి.

మైకు దూరం విషయం మన ప్రాంతం వాళ్లకు నాదస్వరంతో బాగా అర్థమవుతుంది. ఒంగోలు పక్కన కరవదిలో 1924లో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, 1998లో సంగీత కళానిధి అందుకున్న షేక్ చిన మౌలానా సాహెబ్ వాయిద్యాన్ని రికార్డుల్లో విన్నవాళ్లు ఒక సంగతి గమనించి ఉంటారు. నాదస్వరం ఆరుబయలు కోసం, గుడి ప్రాకారాల కోసం పుట్టిన వాద్యం. పెన్నా ఒడ్డున రంగనాథస్వామి గుడి నుంచి గాలిలో తేలి వచ్చేటప్పుడు దానికి ఉండే గుండ్రదనం, మైకును అణసు (వాద్యం చివర గంటలా విచ్చుకునే భాగం) దగ్గర పెడితే పోతుంది. దూరం కూడా ఆ నాదంలో భాగమే. కన్సర్టో రికార్డు చేసే ఇంజనీరుకూ ఇదే సమస్య. ఆర్కెస్ట్రా మొత్తాన్ని పట్టుకోవడానికి పైన ప్రధాన మైకులు, సోలో వాద్యానికి విడిగా ఇంకొకటి. ఆ విడి మైకు పాలు కాస్త పెంచితే చెల్లో ఆర్కెస్ట్రా కంటే పెద్దదైపోతుంది, హాలులో ఎప్పటికీ జరగని విషయం ఇది. చాలా రికార్డుల్లో అమ్మకాల కోసం సోలో కళాకారుణ్ణి ముందుకు లాగుతారు. లిగెటి చెల్లో కన్సర్టోలో అలా చేస్తే రచన అర్థమే చెడిపోతుంది, ఎందుకంటే చెల్లో కనపడకుండా ఉండటమే అక్కడి ఉద్దేశం. ఈ డిస్కులో కెరాస్ చెల్లో ఉండాల్సిన చోటే ఉందని నా అభిప్రాయం.

ఇంకో సంగతి కూడా తెలిసి ఉండాలి. ఇలాంటి రికార్డింగు సాధారణంగా ఒక్క ఊపులో వాయించింది కాదు. భాగాలుగా, కొన్ని చోట్ల పదేపదే వాయించి, బాగా వచ్చిన ముక్కలను కలిపి కూరుస్తారు. అది మోసమేమీ కాదు. లిగెటి రాసిన కొన్ని లయలు ఒక్క క్షణం జారినా కుప్పకూలిపోతాయి.

ఆ లయల కోసమే పియానో కన్సర్టో వినాలి. మొదటి భాగంలో లిగెటి రెండు తాళాలను ఒకేసారి నడిపిస్తాడు: ఒకటి 12/8, ఇంకొకటి 4/4. ఒకే దెబ్బను ఒక వరుస మూడుగా చీలుస్తుంది, మరో వరుస రెండుగా. మన భాషలో చెప్పాలంటే తిశ్రమూ చతురశ్రమూ కలిసి నడుస్తాయి. మృదంగ విద్వాంసుడు నడక మార్చి తిశ్రంలోకి వెళ్లినప్పుడు సభలో తలలు ఊగడం మనం చూసిందే. అక్కడ ఒకదాని తర్వాత ఒకటి వస్తుంది, ఇక్కడ రెండూ ఒకేసారి. పైగా ఒక్కో వరుసలో నొక్కులు పడే గుంపులు వేర్వేరు పొడవుల్లో ఉంటాయి, అందుకని నొక్కులు కలిసినట్టే కలిసి మళ్లీ విడిపోతుంటాయి. ముక్తాయింపు వేసి అందరూ సమం మీద వచ్చి పడటం ఇందులో ఉండదు. చేత్తో తాళం వేస్తూ వినేవాళ్లకు మొదట్లో అసహనం కలుగుతుంది. సలహా ఒక్కటే: పియానో ఎడమచేతినో, ఆర్కెస్ట్రాలో ఒక్క వాద్యాన్నో పట్టుకుని దాని నడక మాత్రమే లెక్కపెట్టండి. రెండోసారి ఇంకొకదాన్ని పట్టుకోండి. సరైన వేగంలో, సరైన నొక్కులతో వాయిస్తే ఈ సంగీతం కొంతసేపటికి విమానంలా నేల విడిచి లేస్తుందని లిగెటి రాసుకున్నాడు. ఎమార్ వాయిస్తుంటే ఆ లేవడం తెలుస్తుంది.

ఈ లయలు మన దగ్గరివి అనుకోకండి. లిగెటి కర్ణాటక సంగీతం నుంచి తీసుకుని రాసింది కాదిది. మధ్య ఆఫ్రికా ప్రజల సంగీతం రికార్డింగులు, పియానోరోల్స్ (తనంతట తానే మోగే పియానోను నడిపించే, రంధ్రాలు పొడిచిన కాగితపు చుట్టలు) కోసం రాసిన కాన్‌లన్ నాన్‌కారో రచనలు ఆయన్ను కదిలించాయి. మనకున్నది పోలిక మాత్రమే, బంధుత్వం కాదు. కానీ వినడానికి ఆ పోలిక చాలు.

నాకు అన్నిటికంటే దగ్గరైనది వయొలిన్ కన్సర్టో. పెళ్లిళ్ల ట్రూపులో కీబోర్డు వాయించే కుర్రాడొకడికి దీని మొదలు వినిపిస్తే, "అన్నా, వాయించేదానికి ముందు శ్రుతి పెట్టుకుంటా ఉండారా?" అన్నాడు. తెలియక అన్న మాట కాదది. గావ్రిలోఫ్ నిజంగానే వేలు ఆనించని ఖాళీ తీగల మీద, డి మీదా ఎ మీదా, వణుకుతున్నట్టు మొదలుపెడతాడు. శ్రుతి సరిచేసుకునేటప్పుడు వినపడే తీగలే అవి. వెంటనే ఆర్కెస్ట్రాలోని ఒక వయొలిన్, ఒక వయోలా అందుకుంటాయి. ఆ రెంటికీ శ్రుతి వేరు. డబుల్ బేస్ తీగలో సహజంగా పుట్టే హార్మోనిక్స్‌కు సరిపోయేలా వాటిని సవరించి పెట్టమని స్వరకర్తే రాశాడు.

ఎందుకలా? పియానోలో, కీబోర్డులో ఒక స్థాయిని 12 సమాన భాగాలుగా కోస్తారు. ప్రకృతి అలా కోయదు. తీగను మీటితే దాని పూర్తి పొడవు స్వరంతో పాటు, సగం, మూడో వంతు, నాలుగో వంతు, అయిదో వంతు కంపనాల స్వరాలూ పలుకుతాయి. అయిదోది అంతర గాంధారం. శ్రుతి బాగా కుదిరిన తంబురాలో ఎవరూ మీటకుండానే వినపడే స్వయంభూ గాంధారం అదే. అర్ధస్వరాన్ని 100 సెంట్లుగా లెక్కిస్తే, ఈ గాంధారం కీబోర్డు గాంధారం కంటే దాదాపు 14 సెంట్లు కింద ఉంటుంది. ఏడో వంతులో పుట్టే కైశికి నిషాదం కీబోర్డు కైశికి నిషాదం కంటే సుమారు 31 సెంట్లు కింద. పాశ్చాత్య ఆర్కెస్ట్రా చెవికి ఇవి అపశ్రుతులు. లిగెటి వాటిని సమాన శ్రుతిలో ఉన్న వాద్యాల పక్కనే నిలబెట్టాడు. రెండు రకాల సత్యాలు ఒకేచోట రాసుకున్నప్పుడు పుట్టే మెరుపు అది. ఆ కుర్రాడికి తంబురా యాప్ పెట్టి గాంధారం పట్టుకోమని, తర్వాత తన కీబోర్డు మీద అదే స్వరం నొక్కమని చెప్పాను. తేడా తనంతట తానే విన్నాడు. కన్సర్టో మళ్లీ పెట్టమన్నాడు.

రెండో భాగంలో మాత్రం పాట ఉంది, "యాడుంది" అని అడిగేవాళ్ల కోసమే అన్నట్టు. వయొలిన్ ఒంటరిగా, కింది తీగ మీద, జానపద వాసన ఉన్న ఒక రాగాన్ని ఎత్తుకుంటుంది. 1950ల మొదట్లో హంగేరీలో ఉండగా రాసిన పియానో రచనలో వాడిన స్వరాలను లిగెటి నలబై ఏళ్ల తర్వాత ఇక్కడికి తెచ్చుకున్నాడు. కాసేపటికి గాలివాద్యాల వాళ్లు తమ వాద్యాలు పక్కనపెట్టి ఒకరీనాలు అందుకుంటారు. జాతరలో పిల్లలు కొనుక్కునే మట్టి ఈలల్లాంటివి. వాటి శ్రుతి ఎప్పుడూ కుదురుగా ఉండదు. ఆ కుదురులేని స్వరాలతో ఒక ప్రార్థన లాంటిది వినిపిస్తారు. మెరుగుపెట్టిన ఆర్కెస్ట్రా మధ్యలో ఆ మట్టి గొంతులు వినపడినప్పుడల్లా నాకు గుండె పట్టేసినట్టవుతుంది.

ఆయన జీవితం తెలిస్తే అది ఇంకా లోతుగా తాకుతుంది. లిగెటి 1923లో ట్రాన్సిల్వేనియాలో, హంగేరియన్ మాట్లాడే యూదు కుటుంబంలో పుట్టాడు. తండ్రీ తమ్ముడూ నాజీ శిబిరాల్లో చనిపోయారు. యుద్ధం తర్వాత కమ్యూనిస్టు హంగేరీలో ఆయన రాసుకున్న కొత్త సంగీతంలో చాలా భాగం వాయించే వీలు లేకుండా పెట్టెలోనే ఉండిపోయింది. 1956 తిరుగుబాటును సోవియట్ సైన్యం అణచివేశాక డిసెంబరులో సరిహద్దు దాటి ఆస్ట్రియా చేరాడు. అయిదేళ్లకు, 1961లో, 'అత్మోస్ఫేర్' రాశాడు. పెద్ద ఆర్కెస్ట్రా, తొమ్మిది నిమిషాల లోపు. తీగవాద్యాల వాళ్లలో ఒక్కొక్కరికీ విడివిడిగా స్వరాలు రాశాడు. లయ తెలియదు, రాగం లేదు, శబ్దాల మేఘమొకటి కదులుతూ ఉంటుంది. 1968లో స్టాన్లీ కుబ్రిక్ అంతరిక్ష చిత్రంలో వాడుకోవడంతో ప్రపంచమంతా విన్నది. మన సినిమాల్లో భయం, విశ్వం, శూన్యం చూపించాల్సిన చోట వయొలిన్లన్నీ కలిసి ముద్దగా పలికే రీరికార్డింగు విన్నవాళ్లు దీన్ని సులభంగానే గుర్తుపడతారు. తెర మీద బొమ్మ ఉన్నప్పుడు ఒప్పుకున్న శబ్దాన్ని బొమ్మ లేనప్పుడు ఎందుకు కాదంటాం? ఈ రచనకు బెర్లిన్ ఫిల్హార్మోనిక్‌తో జొనాథన్ నాట్ టెల్డెక్ సంస్థకు చేసిన రికార్డింగు ఉంది, మూడు కన్సర్టోల తర్వాత వినదగ్గది.

ఇలాంటి సంగీతానికి రికార్డింగులు తక్కువగా ఉండటానికి కారణాలు డబ్బు దగ్గరే ఉన్నాయి. బీథోవెన్ స్వరలిపి మీద హక్కులెవరికీ లేవు, ఆర్కెస్ట్రా వాళ్లకు కంఠతా వచ్చు. జీవించి ఉన్న, లేదా ఈ మధ్య పోయిన స్వరకర్త రచన అయితే ఒక్కో వాద్యకారుడి స్వరపత్రాన్నీ ప్రచురణ సంస్థ దగ్గర అద్దెకు తెచ్చుకోవాలి, రిహార్సళ్లు ఎక్కువ కావాలి, కొనేవాళ్లు తక్కువ. అందుకే చాలా కొత్త కన్సర్టోలు తొలి ప్రదర్శనతోనో, ఒక్క రికార్డింగుతోనో ఆగిపోతాయి. లిగెటి వయొలిన్ కన్సర్టోకు ఆ గతి పట్టలేదు. అగస్టిన్ హాడెలిష్ నార్వేజియన్ రేడియో ఆర్కెస్ట్రాతో, పట్రీషియా కొపచిన్‌స్కాయా ఆన్సాంబుల్ మోడర్న్‌తో రికార్డు చేశారు.

గావ్రిలోఫ్‌తో కలిపి ఈ ముగ్గురి రికార్డింగులనూ పక్కపక్కన పెట్టి వినడానికి ఒక మంచి కారణముంది. అయిదో భాగం చివర్లో వచ్చే కడెంజాను లిగెటి వాద్యకారుడికే వదిలేశాడు. 1990లో ఈ కన్సర్టో మూడు భాగాలుగా మొదటిసారి బయటికొచ్చింది. తర్వాత లిగెటి అప్పటి మొదటి భాగాన్ని తీసేశాడు. ఆ తీసేసిన స్వరాలతోనే గావ్రిలోఫ్ తన కడెంజాను అల్లుకున్నాడు. హాడెలిష్ వాయించింది బ్రిటిష్ స్వరకర్త థామస్ అడేస్ రాసినది. మన కచేరీల్లో ఒకే కీర్తనకు ఇద్దరు విద్వాంసులు చేసిన స్వరకల్పనను పోల్చి వాదించుకోవడం మనకు ఇష్టమైన పనే కదా, ఇక్కడా అదే పని చేయొచ్చు. వినే వరుస కూడా నేను ఇలా పెట్టుకుంటాను: ముందు వయొలిన్ కన్సర్టో రెండో భాగం, వెంటనే దాని మొదటి భాగం, మరో రోజు పియానో కన్సర్టో మొదటి భాగం, చెవి కుదురుకున్నాక చెల్లో కన్సర్టో మొత్తం ఆపకుండా. 'అత్మోస్ఫేర్' దాని తర్వాత. ఆ పైన మళ్లీ వయొలిన్ కన్సర్టోకు వచ్చి ఈసారి చివరిదాకా వినండి, గావ్రిలోఫ్ కడెంజా అయ్యాక హాడెలిష్‌ది పెట్టండి.